సిగరెట్ మానేస్తే లావైపోతానా?

సిగరెట్ మానమన్నప్పుడు నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది ముందు ఊపిరితిత్తుల గురించి అడగరు. "లావైపోతానేమో డాక్టర్" అంటారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. అందుకే నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సిగరెట్ తాగితే సన్నగా ఉంటాం.

వాస్తవం: మిఠాయి బదులు సిగరెట్ అందుకోమని 1928లోనే అమెరికాలో లక్కీ స్ట్రైక్ అనే సిగరెట్ బ్రాండ్ ప్రకటనలు ఆడవాళ్లకు ఈ ఆశ చూపించాయి. పొగాకులోని నికోటిన్ ఆకలిని చంపుతుంది, శరీరం ఖర్చుచేసే శక్తిని కాస్త పెంచుతుంది. బరువు తగ్గవచ్చు. కానీ బరువు మిషన్ చెప్పని సంగతి నడుము కొలత చెబుతుంది. పొగతాగేవాళ్లలో కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ ఎక్కువగా పేరుకుంటుంది. నికోటిన్ వల్ల అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. కొవ్వు కరిగి ఫ్యాటీ ఆమ్లాలుగా రక్తంలో చేరుతుంది. కండరాల మీద ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే సన్నగా కనిపించే అమ్మాయికీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ తగ్గవచ్చు. పొగతాగేవాళ్లకు టైప్ 2 డయాబెటిస్ ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువ. నేను బరువు చూసేకంటే ముందు టేపు తీసేది ఇందుకే.

అపోహ: రోజుకు ఒక్కటే కదా, ఏం కాదు.

వాస్తవం: గుండెజబ్బు దగ్గర ఈ లెక్క పనికిరాదు. రోజుకు 20 తాగే స్త్రీకి పెరిగే ముప్పులో దాదాపు మూడో వంతు ఒక్క సిగరెట్‌తోనే వచ్చేస్తుంది. "లైట్" రకమైనా అంతే, చాలామంది తెలియకుండానే గట్టిగా పీలుస్తారు.

ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే సిగరెట్ సంగతి డాక్టర్ దగ్గర దాచకండి. రెండూ కలిస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. 35 ఏళ్లు దాటి రోజుకు 15 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లకు ఆ మాత్రలు అసలు రాయం.

అపోహ: మానేస్తే బరువు పెరిగి షుగర్ వస్తుంది, తాగడమే నయం.

వాస్తవం: మానేసిన మొదటి ఏడాదిలో సగటున 4-5 కిలోలు పెరుగుతారు, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. కొందరు తగ్గుతారు కూడా. బాగా బరువు పెరిగినవాళ్లలో షుగర్ ముప్పు కొన్నేళ్లు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది. అయితే బరువు పెరిగినా, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు మాత్రం తగ్గుతుంది. మంచి కొలెస్ట్రాల్ కొన్ని వారాల్లోనే పుంజుకుంటుంది, ఆడవాళ్లలో మరీ బాగా.

మానేసిన కొత్తలో కడుపు మాడ్చుకోకండి. ఆకలి, సిగరెట్ కోరిక రెండింటితో ఒకేసారి పోరాడటం చాలా కష్టం. నడవండి, అవసరమైతే నికోటిన్ గమ్ అడగండి. మూడు నెలలకు నడుము కొలత, షుగర్, లిపిడ్ (రక్తంలోని కొవ్వుల) రిపోర్టులు పట్టుకుని రండి. బరువు సంగతి అప్పుడు కలిసి చూద్దాం.