పటం మీద కదిలే చుక్క: విద్యుత్ కార్లను మోసుకొచ్చే ఓడల జాడ

విదేశంలో తయారై ఓడలో వచ్చే విద్యుత్ కారును బుక్ చేసుకున్నవారు ఈ రోజుల్లో డీలరు ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం లేదు. తమ కారు ఎక్కిన ఓడ పేరు ఎలాగో తెలుసుకుని, అది ఏ సముద్రంలో ఎంత వేగంతో వస్తోందో సెల్‌ఫోనులోని పటంలో రోజూ చూసుకుంటున్నారు. 2019 తొలి నెలల్లో టెస్లా మోడల్ 3 కార్లను శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెల్జియంలోని జీబ్రుగ్ రేవుకు ఓడల్లో పంపడం మొదలైనప్పుడు ఐరోపా కొనుగోలుదారుల్లో ఈ అలవాటు బాగా కనిపించింది. ఇప్పుడు మన దగ్గరా అలాంటి కార్లు అమ్ముడవుతున్నాయి. చైనాలో తయారైన బీవైడీ సీల్ 2024 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చింది. షాంఘై కర్మాగారంలో తయారయ్యే టెస్లా మోడల్ వై అమ్మకాలు 2025 జూలైలో ముంబయిలో మొదలయ్యాయి. తిరుపతిలోనో చిత్తూరులోనో అలాంటి కారుకు డబ్బు కట్టినవారు, ఆషాఢం రాకముందే బండి చేతికొస్తే కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించుకోవచ్చని పటం మీది చుక్కను చూసి లెక్కలు వేసుకోవడం సహజం. మన వీధుల్లో తిరిగే విద్యుత్ కార్లలో అత్యధికం దేశంలోనే తయారై లారీల మీద వస్తాయి కాబట్టి, ఈ ఎదురుచూపు ప్రస్తుతానికి కొద్దిమందిదే. అయితే ఆ చుక్క వెనుక ఉన్న విజ్ఞానం అందరూ తెలుసుకోదగినది. అందులో ఒక ముఖ్యమైన భాగం మన తిరుపతి జిల్లా నుంచే నింగికెక్కింది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. పటంలో కనిపించే ఓడను పైనుంచి ఎవరూ కెమెరాతో చూడడం లేదు. తానెక్కడ ఉన్నదీ ఓడే ప్రకటించుకుంటోంది. ఈ ఏర్పాటును ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్ అని, క్లుప్తంగా ఏఐఎస్ అని అంటారు. చీకట్లోనూ మంచులోనూ ఓడలు ఒకదానికొకటి ఢీకొనకుండా ఉండడమే దీని అసలు ఉద్దేశం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులకు మించిన ఓడలన్నీ 2004 చివరికల్లా ఈ పరికరాన్ని అమర్చుకోవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) నిబంధన విధించింది. ఓడలోని జీపీఎస్ రిసీవర్ నుంచి స్థానం, వేగం, దిశ వివరాలను తీసుకుని ఈ పరికరం 161.975, 162.025 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాలపై ప్రసారం చేస్తుంది. ఓడ నడుస్తున్నప్పుడు 2 నుంచి 10 సెకన్లకు ఒకసారి, లంగరు వేసి ఉన్నప్పుడు 3 నిమిషాలకు ఒకసారి ఈ ప్రసారం వెలువడుతుంది. ఓడ పేరు, కొలతలు, గమ్యం వంటి వివరాలు 6 నిమిషాలకు ఒకసారి వెళతాయి.

ఒకే పౌనఃపున్యంపై వందలాది ఓడలు మాట్లాడుతుంటే మాటలు ఒకదానిపై ఒకటి పడవా అన్న ప్రశ్న వస్తుంది. ఈ చిక్కుకు స్వీడన్‌కు చెందిన హోకన్ లాన్స్ రూపొందించిన పద్ధతి పరిష్కారం చూపింది. ఒక నిమిషాన్ని 2,250 భాగాలుగా విడదీస్తారు. ఒక్కో భాగం దాదాపు 27 మిల్లీసెకన్లు. తిరుపతివాసులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది, ఎందుకంటే సర్వదర్శనం టోకెన్ల మీద ఒక్కో భక్తుడికి ఒక్కో సమయం కేటాయించినట్టే ఇక్కడ ఒక్కో సందేశానికి ఒక్కో స్లాటు ఉంటుంది. తేడా అల్లా ఇక్కడ టోకెన్లు ఇచ్చే కౌంటరు లేకపోవడమే. ప్రతి ఓడా చుట్టుపక్కల ఓడల ప్రసారాలను వింటూ, ఖాళీగా ఉన్న భాగాన్ని తానే ఎంచుకుని, తర్వాత ఏ భాగంలో మాట్లాడబోతోందో ముందుగానే ప్రకటిస్తుంది. పెత్తనం చేసే కేంద్రమంటూ లేకుండా, ఒకరినొకరు వినడం ద్వారానే నడిచే ఈ క్రమశిక్షణ నాకు ఈ సాంకేతికతలో అన్నింటికంటే అందంగా అనిపిస్తుంది.

ఈ తరంగాలు దాదాపు నేరుగా ప్రయాణిస్తాయి కాబట్టి భూమి వంపు వాటికి హద్దు గీస్తుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో తరంగాలకు దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. కార్లను మోసే పెద్ద ఓడ మీద యాంటెన్నా 40 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే ఆ దూరం 26 కిలోమీటర్లు. తీరంలో 60 మీటర్ల ఎత్తున్న దీపస్తంభానికి 32 కిలోమీటర్లు. రెండూ కలిపితే 58 కిలోమీటర్ల దూరం వరకు ఆ ఓడ మాట ఆ దీపస్తంభానికి వినిపించాలి. మన దేశ తీరం పొడవునా 74 దీపస్తంభాల వద్ద ఇలాంటి రిసీవర్లను అమర్చారు. ఇదే లెక్కను తిరుమలకు వర్తింపజేసి చూద్దాం. కొండ మీది ఎత్తును 850 మీటర్లుగా తీసుకుంటే దిగంతం 120 కిలోమీటర్లు, ఓడ వంతు కలిపితే 146 కిలోమీటర్లు. తిరుమల నుంచి తూర్పుగా శ్రీహరికోట అవతలి సముద్రం దాదాపు 100 కిలోమీటర్లు ఉంటుంది. అంటే, మధ్యలో మరో కొండ అడ్డు రాకపోతే, చెన్నై వైపు వెళ్తున్న ఓడ చేసే ప్రకటన సూత్రప్రాయంగా శేషాచలం దాకా చేరగలదు. సముద్రం మీద చల్లని గాలి పొరపై వెచ్చని పొర పరచుకున్న రోజుల్లో ఈ తరంగాలు వంగి ఇంకా దూరం ప్రయాణిస్తాయి. వాతావరణానికీ రేడియో తరంగాలకూ మధ్య ఉన్న ఇలాంటి సంబంధాలను అధ్యయనం చేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల తిరుపతికి దగ్గర్లోని గాదంకిలోనే ఉంది.

తీరం దాటి నడిసముద్రంలోకి వెళ్లిన ఓడను వినాలంటే ఉపగ్రహమే దిక్కు. ఇక్కడే శ్రీహరికోట ప్రస్తావన వస్తుంది. ఓడల సంకేతాలు అంతరిక్షంలో వినిపిస్తాయా లేదా అని పరీక్షించడానికి కెనడా తయారుచేసిన చిన్న ఉపగ్రహాన్ని 2008 ఏప్రిల్ 28న పీఎస్‌ఎల్‌వీ-సీ9 తీసుకెళ్లింది. నార్వే తన సముద్ర జలాల పర్యవేక్షణ కోసం నిర్మించుకున్న ఆరేడు కిలోల ఏఐఎస్‌శాట్-1 ఉపగ్రహం 2010 జూలై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15లో వెళ్లింది. 2011 ఏప్రిల్ 20న ప్రయోగించిన మన రిసోర్స్‌శాట్-2 కూడా పంటలను, అడవులను చూసే కెమెరాలతోపాటు ఓడలను వినే ఒక కెనడా పరికరాన్ని మోసుకెళ్లింది. 2015 సెప్టెంబరు 28న మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌తోపాటు వెళ్లిన విదేశీ ఉపగ్రహాల్లోనూ ఓడల సంకేతాలను పట్టేవి ఉన్నాయి. సూళ్లూరుపేట ప్రజలకు రాకెట్ అంటే తూర్పున లేచే వెలుగు, కిటికీలను కదిలించే చప్పుడు. ఆ రాకెట్లలో కొన్ని సముద్రం మీద చెదిరిపోయే మాటలను ఏరుకునే చెవులను మోసుకెళ్లాయన్న సంగతి మన జిల్లా పిల్లలకు పాఠంగా చెప్పవలసినది.

అయితే ఉపగ్రహం వినడం అంత సులువు కాదు. 630 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే 5,000 కిలోమీటర్లకు మించిన వెడల్పు గల ప్రాంతం ఒకేసారి దాని పరిధిలోకి వస్తుంది. బంగాళాఖాతంలోని ఓడలు తమలో తాము సర్దుకుని భాగాలు పంచుకుంటాయి. మలక్కా జలసంధిలోని ఓడలు కూడా అలాగే పంచుకుంటాయి. కానీ ఈ రెండు గుంపులూ ఒకదాన్నొకటి వినలేవు. అందువల్ల రెండు చోట్లా ఒకే క్షణాన్ని ఎంచుకున్న ఓడలు ఉంటాయి, వాటి సందేశాలు పైనున్న ఉపగ్రహానికి కలగాపులగంగా చేరతాయి. దీనికితోడు ఉపగ్రహం సెకనుకు దాదాపు 7.5 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది కాబట్టి డాప్లర్ ప్రభావం వల్ల సంకేతపు పౌనఃపున్యం మూడు నాలుగు కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. నిజానికి కలిసిపోయిన సందేశాలను విడదీయడానికి ఈ జరుగుబాటే కొంత ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఉపగ్రహానికి ఎదురుగా ఉన్న ఓడ సంకేతం ఒక వైపుకు, వెనుక మిగిలిపోయిన ఓడ సంకేతం మరో వైపుకు జరుగుతాయి. ఎన్ని ఉపాయాలు పన్నినా రద్దీ ఎక్కువగా ఉన్న సముద్రాల్లో చాలా సందేశాలు పోతూనే ఉంటాయి. ఉచితంగా లభించే పటాలు చాలావరకు తీరంలోని రిసీవర్ల మీదే ఆధారపడతాయి. కాబట్టి సింగపూర్ దాటిన తర్వాత చుక్క ఒకచోట నిలిచిపోతే ఓడ ఆగిపోయిందని కంగారు పడనక్కర్లేదు. చుక్క పక్కన చివరి సంకేతం ఎప్పుడు అందిందో రాసి ఉంటుంది. ముందు దాన్ని చూడాలి.

ఆ చుక్కను తాకితే వచ్చే వివరాలన్నింటినీ ఒకే రీతిగా నమ్మకూడదన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ప్రధాన విషయం. స్థానం, వేగం పరికరం కొలిచినవి కాబట్టి మామూలుగా నమ్మదగినవి. జీపీఎస్‌కు ఆటంకం కలిగించే ప్రాంతాల్లో మాత్రం అవీ తప్పుతాయి. 2025 జూన్‌లో హోర్ముజ్ జలసంధి పరిసరాల్లో ఎన్నో ఓడలు తాము లేని చోట ఉన్నట్టు కనిపించాయి. ఓడ గుర్తింపు విషయానికొస్తే పేరుకంటే ఐఎంఓ సంఖ్య మేలు, ఎందుకంటే యజమాని మారితే పేరు మారవచ్చు కానీ ఆ ఏడంకెల సంఖ్య ఓడ ఉన్నంతకాలం మారదు. రాసుకోవడంలో పొరపాటు జరిగితే పట్టుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ఉదాహరణకు 9074729ని తీసుకుందాం. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2 లతో గుణిస్తే 63, 0, 35, 16, 21, 4 వస్తాయి. మొత్తం 139. దాని చివరి అంకె 9, సంఖ్యలోని ఏడో అంకె కూడా 9. కాబట్టి సంఖ్య సరైనదే.

గమ్యం, చేరే సమయం అన్నవి మాత్రం ఓడ అధికారి చేత్తో టైపు చేసేవి. గమ్యానికి 20 అక్షరాలే చోటు. మునుపటి రేవు పేరును మార్చడం మరచిపోయిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. 2024 ఆరంభంలో ఎర్ర సముద్రం దాటుతున్న కొన్ని ఓడలు, యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల దాడుల నుంచి తప్పించుకునే ఆశతో, గమ్యం ఉండవలసిన చోట సిబ్బందంతా చైనావారేననీ, సాయుధ కాపలా ఉందనీ రాసుకున్నాయి. భయం ఎంతటిదైతే ఒక ఓడ తన గమ్యం బదులు ప్రాణభిక్ష కోరే మాట రాసుకుంటుందో ఊహించవచ్చు. 2023 నవంబరు 19న హూతీలు హెలికాప్టరులో దిగి స్వాధీనం చేసుకున్న గెలాక్సీ లీడర్ కూడా కార్లను మోసే ఓడే. ఆ తర్వాత ఐరోపా, ఆసియా మధ్య తిరిగే అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లవలసి వచ్చింది. చైనా నుంచి మనకు వచ్చే ఓడ మలక్కా మీదుగా వస్తుంది కాబట్టి ఆ దారితో దానికి పని లేదు. అయినా ప్రయాణాలు పొడవైనప్పుడు ఓడలు ఖాళీ కావడం ఆలస్యమై, ఆ ప్రభావం అన్ని దారుల మీదా పడుతుంది.

అందుకే చేరే రోజును మనమే లెక్క కట్టుకోవడం మేలు. షాంఘై నుంచి సింగపూర్ మీదుగా చెన్నైకి సుమారు 3,800 నాటికల్ మైళ్లు. ఓడ గంటకు 16 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 30 కిలోమీటర్లు నడిస్తే, ఎక్కడా ఆగకుండా పది రోజులు పడుతుంది. కానీ కార్ల ఓడ సాధారణంగా ఒక్క రేవు కోసమే బయలుదేరదు. దారిలో రెండు మూడు చోట్ల కొన్ని బండ్లను దించి, మరికొన్నింటిని ఎక్కించుకుంటుంది. ప్రతి చోటా బెర్తు, అంటే రేవులో ఓడ ఆగే చోటు, కోసం లంగరు వేసి ఎదురుచూడవలసి రావచ్చు.

ఓడలో సరుకు ఎంత ఉందో చుక్కను బట్టి చెప్పగలమా? చమురు ఓడ విషయంలో కొంతవరకు చెప్పవచ్చు. నిండినకొద్దీ అది నీటిలో లోతుగా దిగుతుంది, ఆ లోతును ఏఐఎస్ ప్రకటిస్తుంది. కార్ల ఓడ అలా కాదు. కారు తన బరువుతో పోలిస్తే చాలా చోటు ఆక్రమిస్తుంది. పన్నెండు పదమూడు అంతస్తుల ఆ ఓడ బరువుతో కాక చోటు చాలక నిండుతుంది. పైగా ఎత్తైన ఆ ఓడ ఒరగకుండా అడుగున తొట్లలో సముద్రపు నీటిని నింపుతూ తీస్తూ ఉంటారు. కాబట్టి ఆ లోతు అంకెను చూసి లోపల నాలుగు వేల కార్లు ఉన్నాయా, నాలుగు వందలా అన్నది తేల్చలేం. 2025 ఏప్రిల్ చివర్లో చైనా నుంచి బ్రెజిల్‌కు 7,000కు పైగా కార్లతో బయలుదేరిన బీవైడీ కంపెనీ ఓడ బీవైడీ షెన్‌జెన్ సామర్థ్యం 9,200 కార్లు. ఈ వివరం కంపెనీ ప్రకటించడం వల్ల తెలిసిందే తప్ప రేడియో సంకేతం చెప్పినది కాదు.

చుక్క చెప్పనిది మరొకటి ఉంది. అందులో మనుషులు ఉంటారు. 2023 జూలైలో నెదర్లాండ్స్ తీరానికి దగ్గర్లో ఫ్రీమాంటిల్ హైవే అనే కార్ల ఓడకు నిప్పంటుకుంది. అందులోని దాదాపు 3,800 కార్లలో సుమారు 500 విద్యుత్ కార్లు. సిబ్బందిలో అత్యధికులు భారతీయులే, వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. మొదట నింద విద్యుత్ కార్ల మీద పడింది, కానీ ఓడను రేవుకు చేర్చాక కింది అంతస్తుల్లోని విద్యుత్ కార్లలో చాలావరకు కాలకుండా ఉన్నట్టు కనిపించింది. అలాగని లిథియం బ్యాటరీని తేలిగ్గా తీసుకోలేం. ఒకసారి అంటుకుంటే అది ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకోగలదు. బ్యాటరీలో నిల్వ ఉన్న శక్తి తగ్గినకొద్దీ ఈ ప్రమాద తీవ్రత తగ్గుతుంది. అందుకే ఓడలో పంపే కార్లను పూర్తిగా ఛార్జి చేయరు. నడిపి ఎక్కించి, నడిపి దించడానికి సరిపోయేదానికంటే కొంత ఎక్కువగా మాత్రమే ఉంచుతారు.

ఓడ రేవుకు చేరాక డ్రైవర్లు కార్లను ఒక్కొక్కటిగా నడుపుకుంటూ ర్యాంపు మీదుగా దించుతారు. నేలకు బిగించిన పట్టీలను విప్పేవారు ముందు నడుస్తారు. అక్కడి నుంచి కస్టమ్స్ తనిఖీ, సుంకం చెల్లింపు, గీతలు పడ్డాయేమోనని పరిశీలన, ఆ తర్వాత లారీ ప్రయాణం. చెన్నైలోనే దిగితే ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి కొన్ని గంటల దారి. ముంబయిలో దిగితే రోజుల ప్రయాణం. చుక్క బెర్తులో ఆగిన తర్వాత జరిగే ఈ పనులకే తరచూ సముద్ర ప్రయాణానికి పట్టినంత కాలం పడుతుంది. ఈ దశలో ఓడను వెతకడం వల్ల ప్రయోజనం లేదు, అది అప్పటికే కొత్త సరుకుతో మరో రేవుకు బయలుదేరి ఉంటుంది. డీలరును అడగవలసినవి రెండే: మన కారు ఛాసిస్ నంబరు ఆ ఓడ సరుకు పత్రాల్లో ఉందా, దాని బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం) కస్టమ్స్‌లో దాఖలైందా.