అగ్నివీర్ 25 శాతం పేచీ: ముడి పడింది 2020లో

అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో నాలుగేళ్లకే చేర్చుకునే జవాన్లే అగ్నివీరులు. వాళ్ల మొదటి బ్యాచ్ 2022 డిసెంబరు, 2023 జనవరిల్లో శిక్షణ కేంద్రాలకు చేరింది. వాళ్ల నాలుగేళ్లు నిండవస్తుంటే, నూటికి పాతికమందినే ఉంచుకుంటారా, ఇంకా పెంచుతారా అన్న వాదన మళ్లీ రాజుకుంది. పెన్షన్ భారం, సైన్యం సగటు వయసు అందరూ విన్నవే. 2022 జూన్ 14న అగ్నిపథ్‌ను ప్రకటించిన దగ్గర కథ మొదలుపెడితే అసలు ముడి కనబడదు.

2019-20లో సైన్యం 80,572 మందిని చేర్చుకుంది. తర్వాతి రెండేళ్లలో నియామకాలు సున్నా. కారణం కొవిడ్ అన్నారు. కానీ అభ్యర్థులను పరీక్షించే నియామక ర్యాలీలు పూర్తిగా ఆగలేదు, చిక్కంతా అక్కడే. 2020-21లో 97 అనుకుంటే 47 జరిగాయి. వాటిలో రాతపరీక్ష దాకా వెళ్లినవి నాలుగే. మరుసటి ఏడాది 87 అనుకుని నాలుగే పెట్టారు, రాతపరీక్ష ఒక్కదానికీ జరగలేదు.

అప్పటి పద్ధతిలో ముందు గ్రౌండ్, అంటే దేహదారుఢ్య పరీక్షలు, చివర్న రాత. 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు. ఇంకో 15 సెకన్లు పడితే 48. అదీ దాటితే ఇంటికే. పది పులప్స్‌కు 40, ఆరు తీస్తే 16. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ దిమ్మ మీద పడకుండా నడవాలి. ఆపైన ఎత్తు, ఛాతీ, సర్టిఫికెట్లు, మెడికల్. ఇన్ని గట్టెక్కిన కుర్రాడికి కొలువు చేతికందినట్టే, రాతపరీక్ష అడ్మిట్ కార్డు ఒక్కటే బాకీ. అది రాలేదు. చివరికి ఆ నియామకాలనే రద్దు చేశారు.

2022 జూన్ 17న అగ్నిపథ్‌పై నిరసనలో సికింద్రాబాద్ స్టేషన్లో రైలు బోగీలు తగలబడి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ రోజు పోగైనవాళ్లలో ఇలా రాతపరీక్ష కోసం ఎదురుచూసిన వాళ్లు చాలామందే. ప్రభుత్వం ఆ ఒక్క ఏడాదికి వయోపరిమితిని 21 నుంచి 23కు పెంచింది. పరుగు మాత్రం మళ్లీ మొదటి నుంచే. ర్యాలీలో నెగ్గినంత మాత్రాన నియామకంపై హక్కు రాదని 2023 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సైన్యం వరస తిప్పింది: ముందు ఆన్‌లైన్ రాత, తర్వాత గ్రౌండ్. ర్యాలీల్లో రద్దీ తగ్గించడానికట. ఆ మార్పేదో మూడేళ్ల ముందే చేసుంటే అంతమంది ఫిట్ అనిపించుకుని వాకిట్లో నిలబడేవాళ్లు కాదు.

ఇక ఇప్పటి పేచీకి పనికొచ్చే లెక్క. 2021 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పిన ప్రకారమే సైన్యంలో జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), జవాన్ల ఖాళీలు 97,177. ఏటా సుమారు 60 వేలమంది రిటైరవుతారు. 2022లో సైన్యానికి కేటాయించిన అగ్నివీరులు 40 వేలు. అంటే లోటు పూడకపోగా లోతయింది. పాతిక శాతమే ఉంచుకుంటే ఆ 40 వేలలో 30 వేలమంది బయటికి. అదే ఏడాది రిటైరయ్యే పాతవాళ్లను కలిపితే ఖాళీ అయ్యేవి 90 వేల జాగాలు.