పాత కారు అసలు రూపం: తగువు మూలం 1953లో ఉంది

ఇరవై ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే రూ.10,000 కట్టాలని కేంద్రం 2025 ఆగస్టులో తేల్చింది. దిగుమతి కారైతే రూ.80,000. ఢిల్లీలో పాత వాహనాల యజమానుల జోలికి వెళ్లొద్దని అదే నెలలో అన్న సుప్రీంకోర్టు, డిసెంబరుకల్లా ఆ ఊరటను బీఎస్-4, ఆపై కాలుష్య ప్రమాణాలున్న వాహనాలకే పరిమితం చేసింది. ఈ లెక్కన పాత కారును దర్జాగా ఉంచుకోవడానికి మిగిలిన దారి ఒక్కటే, దానికి ‘వింటేజ్’ ముద్ర వేయించుకోవడం. ఆ ముద్ర ఏ కారుకు దక్కాలన్న దగ్గరే పాత కార్ల అభిమానులు రెండుగా చీలిపోతారు: ఆ కాలంలో మెకానిక్కు మార్చిన కారూ చరిత్రేనని ఒక పక్షం, ఫ్యాక్టరీ రూపం చెక్కుచెదరని కారే అసలైనదని రెండో పక్షం.

మహారాజుల రోల్స్‌రాయిస్‌లు, 1971లో రాజభరణాల రద్దు, ఆపైన సంస్థానాల గ్యారేజీలు ఖాళీ అయిన తీరు, 1964లో ఢిల్లీలో మొదలైన స్టేట్స్‌మన్ ర్యాలీ... ఈ కథ ప్రతి ఆదివారం అనుబంధంలోనూ వచ్చేదే. దాన్ని పక్కన పెడదాం. దక్షిణాదిలో స్పోర్ట్స్ కార్ల పిచ్చి రాజుగారి గ్యారేజీలో పుట్టలేదు, ఒక ప్రభుత్వ నివేదిక వల్ల పుట్టింది.

దేశీ పరిశ్రమలకు సుంకాల రక్షణపై సలహా ఇచ్చే టారిఫ్ కమిషన్ 1953లో మోటారు పరిశ్రమపై నివేదిక ఇచ్చింది. విడిభాగాలు ఓడలో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మితే చాలదు, దేశంలోనే దశలవారీగా తయారుచేసే ప్రణాళిక ఉండాలి, లేనివాళ్లు మూడేళ్లలో మూటాముల్లె సర్దుకోవాలి అన్నది దాని సారాంశం. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకున్నాయి. చివరికి కార్ల రంగంలో గట్టిగా నిలబడ్డవి మూడే: కలకత్తా దగ్గర హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. వాటి దృష్టంతా సంసారపక్షపు కార్ల మీదే. ఎంజీ, జాగ్వార్ లాంటి కొత్త విదేశీ స్పోర్ట్స్ కారు మామూలు మనిషికి దక్కే దారి మూసుకుపోయింది. రాయబార కార్యాలయాలు వాడి వదిలేసిన కార్లు ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికొస్తే, వాటి కోసం పోటీ పడటమే తక్కినవాళ్లకు మిగిలింది.

సరిగ్గా ఆ నివేదిక వచ్చిన 1953లోనే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడింది. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందని అనలేం. కానీ ఆ రెండూ ఒకే ఏడాది జరగడంతో, తర్వాతి నలభై ఏళ్లు ఆ క్లబ్బు పందేల్లో ఎలాంటి కార్లు కనిపిస్తాయన్నది అప్పుడే ఖాయమైపోయింది.

పందేలకు పేరు పడ్డ చోటు షోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో, రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే. స్పోర్ట్స్ కారు కొనడానికి లేనివాళ్లు ఉన్న కారునే స్పోర్ట్స్ కారుగా మార్చుకుని అక్కడికి పట్టుకొచ్చేవారు. ఫియట్ ఇంజిన్ హెడ్డు అరగదీసి కంప్రెషన్ పెంచడం, రెండో కార్బురేటర్ తగిలించడం, వెనక సీట్లు పీకేసి బరువు దించడం అలా అలవడ్డ విద్యలే. విజయ్ మాల్యా ఏకంగా ఎన్సైన్ ఫార్ములా వన్ కారునే తెచ్చి షోలవరంలో నడిపాడు గానీ, అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్క. అక్కడి అసలు సంపద లేత్ మిషన్ ముందు కూర్చున్న మెకానిక్కు చేతిలో ఉండేది.

ఈ పనికి దొరికిన వరం స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండ్ కంపెనీ ట్రయంఫ్ లైసెన్సుతో 1961 నుంచి మద్రాసులో తయారైన కారు. అప్పటికే చాలా కార్లకు బాడీ, ఛాసిస్ (కారు బరువు మోసే అడుగు చట్రం) ఒకే ముక్కగా వస్తుంటే, హెరాల్డ్‌కు మాత్రం అడుగున విడి ఛాసిస్ ఉండేది. బోల్టులు విప్పితే బాడీ మొత్తం పైకి లేచి వచ్చేస్తుంది, దాని స్థానంలో ఎవరికి నచ్చిన బాడీ వాళ్లు కూర్చోబెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ చేసింది కూడా అదే: హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి, పైన రెండు సీట్ల బాడీ పెట్టి 1962లో స్పిట్‌ఫైర్ అన్నారు. ఇక్కడ స్పిట్‌ఫైర్ తయారుకాలేదు. దాంతో ఫ్యాక్టరీ చేయని పని షెడ్లలో జరిగింది. కోయంబత్తూరు పారిశ్రామికవేత్త ఎస్. కరివర్ధన్ ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మారుతి ఇంజిన్‌తో ఒంటి సీటు పందెం కారు తయారుచేయించి, 1980ల చివర్లో ఫార్ములా మారుతి పందేలకు బాట వేశారు. 1990లో క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునే నాటికి, మార్చని కారుతో పందెంలోకి దిగడమన్నది ఊహకు కూడా అందని సంగతి.

రెండో పక్షం వాదన కూడా చెప్పుకోవాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో చారిత్రక వాహనమంటే కనీసం 30 ఏళ్లు నిండాలి, చరిత్రకు తగ్గ స్థితిలో ఉండాలి, రోజువారీ రవాణాకు వాడకూడదు. బాడీ ఒకటి, ఇంజిన్ ఇంకొకటి అయితే అది ఏ కాలానికి సాక్ష్యమని ప్రదర్శనల్లో కార్లను మెరిపించేవాళ్లు అడుగుతారు. నిన్న మొన్న షెడ్డులో అతికించిన కారును పాతదని అంటగట్టే మోసాలకు తలుపు తెరిచినట్టవుతుందన్నది వాళ్ల భయం. భయంలో నిజం లేకపోలేదు.

అయితే 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు తెచ్చిన సవరణ అచ్చంగా ఈ పక్షం భాషలోనే ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, సొంత వాడకం బండై ఉండాలి, అసలు రూపం చెక్కుచెదరకూడదు. ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పు చేసి ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే రూ.20,000 రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు. ఆ తర్వాత పొడిగింపుకు రూ.5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు.

సంస్థానపు గ్యారేజీలో ముసుగేసి ఉంచిన కారుకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. 1960లలోనే పందెం కోసం బాడీ మార్చిన హెరాల్డ్‌కు సరిపోదు. ఆ మార్పు జరిగి 50 ఏళ్లు దాటిందన్న సంగతికి నిబంధనలో చోటే లేదు. ఫ్యాక్టరీ చేసింది అసలు, మెకానిక్కు చేసింది చెరుపు! బాడీ మార్చితే తప్ప స్పోర్ట్స్ కారన్నదే లేని దేశంలో ఈ నియమం ఎవరి చరిత్రను లెక్కలోకి తీసుకుందో వేరే చెప్పాలా?

2025లో ఇంకో మెలిక పడింది. అంతకుముందు 1950కి ముందు తయారైన వింటేజ్ కార్ల దిగుమతికే స్వేచ్ఛ ఉండేది. ఇప్పుడు 50 ఏళ్లు దాటిన ఏ కారైనా రావచ్చు. అంటే, కస్టమ్స్ సుంకం కట్టే స్తోమత ఉన్నవారు ఇంగ్లండ్ నుంచి ఫ్యాక్టరీ రూపంలోని 1960ల స్పిట్‌ఫైర్‌ను తెచ్చుకుని ‘వీఏ’ ప్లేటుకు దరఖాస్తు పెట్టొచ్చు. అదే ఛాసిస్ మీద మద్రాసులో అదే కాలంలో చేతితో కట్టుకున్న కారు మాత్రం పాత బండి కింద లెక్క, పొడిగింపు రుసుము కడుతూ పోవాల్సిందే.

వయసు గీత తర్వాతి తరాన్ని ఇంకా దూరం నెడుతుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన తొలి మారుతి 800కు 50 నిండేది 2033లో. కాంటెస్సాకు ఇంకో ఏడాది పడుతుంది. ఫీవా లెక్కలో ఆ రెండూ పదేళ్ల కిందటే ఈ అర్హత వయసు దాటేశాయి. ఇక ఫార్ములా మారుతి ట్రాక్ మీద తప్ప రోడ్డు మీద తిరిగే బండే కాదు. దానికి ఆర్‌సీ లేదు. నిబంధన వయసును లెక్కగట్టేది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి కాబట్టి, కాగితాల మీద దానికి ఎన్నటికీ ఒక్క ఏడాది కూడా నిండదు.