పురుగుమందు ఒంట్లోకి ఎంత ఎక్కింది? మూత్రం చెప్పే లెక్క

నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్ళు ముక్కుకు తువ్వాల చుట్టుకుంటారు. కానీ ఈ పనిలో మందు ఎక్కువగా ఎక్కేది చర్మం గుండానే. మందు కలిపిన చేతులు, కారే పంపుకు ఆనిన వీపు, తడిసిన మొక్కలు రాసుకున్న తొడలు దానికి దారులు. ఎంత ఎక్కిందో మూత్రంలో కొలవచ్చు.

ల్యాబ్‌లో వెతికేది చాలావరకు మందును కాదు, శరీరం దాన్ని విరగ్గొట్టాక మిగిలిన ముక్కను. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు విరిగి టీసీపీవై అనే ముక్కగా మారుతుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికి సుమారు 27 గంటలు పడుతుంది. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు 3-పీబీఏ అనే ముక్కగా మారి ఇంకా తొందరగా వెళ్ళిపోతాయి. చర్మంలో దిగిన మందు నిదానంగా రక్తంలో కలుస్తుంది కాబట్టి ఒక్క సీసా చాలదు. మందు కొట్టకముందు ఒకటి, పని దిగాక ఒకటి, మర్నాడు పొద్దున లేవగానే మొదటిది ఒకటి తీయాలి.

లెక్క చెడేది ఎక్కువగా మిషన్ దగ్గర కాదు, చేను గట్టు మీద. చేతికంటిన మందు చుక్క సీసాలో పడితే ఒంట్లో లేనిది కూడా అంకెలోకి వస్తుంది. సబ్బుతో చేతులు కడిగించి, బట్టలు మార్పించి, చేనుకు దూరంగా తీయించాలి. సీసా కొత్తది, మూత బిగిసేది కావాలి. కూల్‌డ్రింక్ సీసాలు అస్సలు వద్దు. అక్కడే ఇంకో సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి, మామూలు నమూనాలాగే పంపాలి. అందులోనూ మందు ఆనవాళ్ళు కనబడితే ఆ రోజు నమూనాలన్నీ అనుమానమే. ఐస్ పెట్టెలో తెచ్చి, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి.

ఎండలో చెమటపట్టి, నీళ్ళు తక్కువ తాగిన మనిషి మూత్రం చిక్కబడుతుంది. అందుకే కండల నుంచి మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కూడా కొలిచి, మందు ముక్క అంకెను దాంతో భాగిస్తారు. లీటరుకు 12 మైక్రోగ్రాముల టీసీపీవై, 2 గ్రాముల క్రియాటినిన్ ఉంటే, గ్రాముకు 6 మైక్రోగ్రాములని లెక్క. క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల లోపు, 3 గ్రాముల పైన ఉంటే మళ్ళీ తీయించడం మేలు. కండ తక్కువున్నవాళ్ళలో, ఆడవాళ్ళలో క్రియాటినిన్ తక్కువగా ఉంటుంది, దాంతో భాగించిన అంకె పెరిగి కనిపిస్తుంది. కాబట్టి ఎవరి అంకెను వాళ్ళ పాత అంకెతోనే పోల్చాలి. తిండి ద్వారా కూడా కొంత టీసీపీవై వస్తుంది. మొదటి సీసా అవసరం అందుకే.

ఈ అంకె రోగాన్ని చెప్పదు. చెమటలు పోసి, నోట్లో నీళ్ళూరి, చూపు మసకబారితే రిపోర్టు కోసం ఆగకుండా, మందు డబ్బా లేబుల్‌తో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

కొట్టేవాళ్ళకన్నా కలిపేవాళ్ళ అంకె పెరిగితే లోపం కలిపే దగ్గరుంది. కలపడానికి పొడుగు కర్ర, నైట్రైల్ గ్లవ్స్ ఇచ్చి, మరుసటి విడత మందుకు అవే మూడు నమూనాలు మళ్ళీ తీస్తే మార్పు పనిచేసిందో లేదో తెలుస్తుంది.