నెవాడా పువ్వు, భీమిలి తీగ: అపోహలు - వాస్తవాలు

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు దొరికితే చాలు, అదే ప్రశ్న. "మాస్టారూ, లిథియం గని కోసం అమెరికా ఎడారిలో ఏదో పువ్వును తుడిచిపెడతారట కదా. ఆ మొక్కలు పెకిలించి వేరే చోట నాటేస్తే పోలా?"

అపోహ: వేరే చోట నాటితే జాతి బతికినట్టే.

వాస్తవం: కాదు. ఎన్నిసార్లు చెప్పినా కాదు. ఆ పువ్వు టీమ్స్ బక్‌వీట్. నెవాడాలోని రయొలైట్ రిడ్జ్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా సహజంగా పెరగదు. అది పెరిగే నేలంతా కలిపితే సుమారు పదెకరాలు. లిథియం, బోరాన్ పట్టిన ఆ మట్టికి అలవాటు పడిన మొక్క అది. గని వాళ్ళకు కావలసినదీ ఆ లిథియం, బోరాన్‌లే. మొక్కనైతే తీసుకెళ్తారు సరే, ఆ మట్టినీ, పుప్పొడి మోసే పురుగులనూ, నేలలో నిద్రపోతున్న గింజలనూ ఎవరు మోసుకెళ్తారు? గ్రీన్‌హౌస్‌ ట్రేలో మొలకలు పచ్చగా కనిపించగానే సంబరపడకండి.

అపోహ: 2020లో మొక్కల్ని మనుషులే రాత్రికి రాత్రి పీకేశారు.

వాస్తవం: సుమారు 17,000 మొక్కలు పాడయ్యాయి, నిజమే. కొరికిన మొక్కల వేళ్ళ మీద దొరికిన డీఎన్ఏ మాత్రం ఎలుకల కోవకు చెందిన జంతువులది. పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది.

అపోహ: అంతరించే జాతుల జాబితాకెక్కితే గండం గడిచినట్టే.

వాస్తవం: 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. 2024 అక్టోబరులో గనికి అనుమతి ఇచ్చిందీ ఆ ప్రభుత్వమే. ఇక అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే రెడ్ లిస్టు అంటారా, అది అంచనా మాత్రమే, చట్టం కాదు.

ఆమధ్య ఒక పెద్దాయన భీమిలి బీచ్ నుంచి పాలిథిన్ సంచిలో ఊదా పూల తీగ తెచ్చారు. "రోడ్డు పనుల్లో పోతుందేమోనని పీక్కొచ్చాను" అన్నారు. చేతులు వణుకుతున్నాయి. ఏమని కోప్పడను? అది మేకడెక్క ఆకుల తీగ, ఉష్ణమండల తీరాలన్నిటా ఉంటుంది, ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతుంది. సాయంత్రం స్కూటరు మీద ఇద్దరం వెళ్ళి ఇసుకలో పాతి వచ్చాం. కణుపు కణుపుకూ వేరు వేసే తీగ, దాని గింజలు సముద్రం మీద తేలుతూ దేశాలు దాటుతాయి. అది బతక్క ఏమవుతుంది?

నెల తరువాత ఫోను చేశారు. "చూశారా మాస్టారూ, నాటితే బతికింది!"