డిస్క్ గోల్ఫ్: పార్కులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

పార్కులో ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడదీసిన బుట్టను చూసి "ఇదేంటండీ?" అని అడిగేవాళ్లు కొందరే. అడక్కుండానే తీర్పు చెప్పేసేవాళ్లు ఎక్కువ. అది డిస్క్ గోల్ఫ్ బుట్ట: డిస్క్ అనే ప్లాస్టిక్ పళ్లేన్ని దూరం నుంచి విసురుతూ, వీలైనన్ని తక్కువ విసుర్లలో అందులో పడేయాలి. కొత్తవాళ్లకు ఈ ఆట నేర్పిస్తుంటాను కాబట్టి ఆ తీర్పులన్నీ నా చెవిన పడుతూనే ఉంటాయి.

అపోహ: ఇది పిల్లలాడే ఫ్రిస్బీయే, పేరు మార్చారంతే.

చుట్టరికం ఉన్నమాట నిజమే. ఫ్రిస్బీకి మెరుగులు దిద్ది పేటెంట్ తీసుకున్న ఎడ్ హెడ్రిక్కే గొలుసుల బాస్కెట్‌నూ రూపొందించాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో కోర్సు (ఈ ఆట ఆడే మైదానం) వేయించాడు, మరుసటి ఏడాది పీడీజీఏ అనే డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్ల సంఘం పెట్టాడు. (2002లో పోయాక ఆయన చితాభస్మాన్ని కూడా డిస్కుల్లో కలిపి అచ్చుపోశారు. పిచ్చంటే అదీ!) కానీ ఆటలో వాడే డిస్క్ ఫ్రిస్బీ కంటే చిన్నది, గట్టిది, అంచు పదునుగా ఉంటుంది. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాముల దాకా బరువు ఉండొచ్చు. తగిలితే దెబ్బ గట్టిగానే ఉంటుంది.

అపోహ: వేగం నంబరు పెద్దదైతే దూరం పెరుగుతుంది.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి: వేగం, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్ (వేగం మీదున్నప్పుడు కుడికి తిరగడం), ఫేడ్ (వేగం తగ్గాక ఎడమకు ఒరగడం). ఈ కుడిఎడమలు కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు. వేగం 12 అంటే అది మీకిచ్చే వేగం కాదు, మీ చేతి నుంచి అది అడిగే వేగం. అంత ఇవ్వలేకపోతే టర్న్ పనిచేయదు, ఫేడ్ ఒక్కటే మిగులుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి) విసిరితే ఎడమకు ఒరిగి నేలకు దిగిపోతుంది. అదే మనిషి చేతికి వేగం 5 ఉన్న మిడ్‌రేంజ్ (మధ్యస్థ దూరాలకు వాడే డిస్క్) ఇచ్చి చూడండి, తిన్నగా పోతుంది, చాలాసార్లు ఎక్కువ దూరమే పోతుంది.

ఇంకో సంగతి గమనించండి. కొత్తవాళ్ల డిస్క్ గాల్లోకి లేచి, ఆగినట్టై, వెనక్కి జారుతూ పడుతుంది. బలం చాల్లేదనుకుని ఇంకా గట్టిగా విసురుతారు, ఇంకా పైకి లేస్తుంది. తప్పు భుజంలో లేదు. డిస్క్ ముందు అంచు పైకి లేచి ఉండటం వల్ల వచ్చిన తంటా అది. బొటనవేలు పైన గట్టిగా నొక్కి, మణికట్టును కాస్త కిందికి వంచి విసిరితే సగం సర్దుకుంటుంది.

అపోహ: కొండ మీంచి లోయలోకి విసిరే హోల్ (విసిరే చోటు నుంచి బుట్ట దాకా ఉండే ఒక అంచె) అందంగానూ ఉంటుంది, తేలికగానూ ఉంటుంది.

అందం సంగతి ఒప్పుకుంటాను. కిందికి పోయే డిస్క్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఫేడ్‌కు బోలెడంత సమయం దొరుకుతుంది, గురికి చాలా ఎడమగా తేలుతుంది. ఎదురుగాలి ఉంటే కథ తిరగబడుతుంది: టర్న్ పెరిగి కుడికి బోల్తా కొడుతుంది. అలాంటి చోట నేనైతే డ్రైవర్‌ను (ఎక్కువ దూరానికి వాడే, వేగం నంబరు పెద్దదైన డిస్క్‌ను) సంచిలోంచి తీయను.

అపోహ: కోర్సు ఉన్నచోట పక్కకు తప్పుకోవాల్సింది నడిచేవాళ్లే.

కాదు. ఎవరికైనా ప్రమాదం అనిపిస్తే విసరకూడదని నియమాల్లోనే ఉంది. వ్యూ చూడ్డానికి వచ్చినవాళ్లకు అది ఫెయిర్‌వే, అంటే డిస్క్ వెళ్లే దారి, అని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్లు దాటేదాకా ఆగాలి. పొరపాటున డిస్క్ అటు పోతే "ఫోర్!" అని హెచ్చరికగా అరవాలి.

చెట్లదీ ఇదే వరస. ప్లాస్టిక్కే కదా అనుకుంటారు గానీ, ఒకేచోట పదేపదే తగిలితే బెరడు లేచిపోతుంది. బాస్కెట్ చుట్టూ తొక్కితొక్కి నేల గట్టిపడుతుంది, వానకు మట్టి కోసుకుపోతుంది. చాలా కోర్సుల్లో బాస్కెట్ల చోటు మారుస్తుండటానికి ఇదొక కారణం. దారికి అడ్డొచ్చిన కొమ్మ విరవడమైతే ఆట ప్రకారం కూడా తప్పే.

అపోహ: డిస్క్ బుట్టలో పడకుండా బాస్కెట్ పైభాగం మీద ఆగినా ఆ హోల్ అయిపోయినట్టే.

కాలేదు. సరిగ్గా కింద నేల మీద మార్కర్ (గుర్తుకు పెట్టే చిన్న డిస్క్) పెట్టి, అక్కడి నుంచి బుట్టలో వేసి, ఇంకో త్రో (విసురు) లెక్క కలుపుకోవాలి.