పదహారు బార్లు, ముప్పై రెండు సెకన్లు

అమెరికాలో చాలా హైస్కూళ్లు ఏటా ఒక మ్యూజికల్ వేస్తాయి. పాట, మాట, నృత్యం కలిసిన నాటకం అది. వేషం కావాలంటే ఆడిషన్ ఇవ్వాలి. నోటీసులో తరచు కనిపించే షరతు: 16 బార్లు పాడాలి. బారు అంటే పాశ్చాత్య సంగీతంలో దెబ్బల కట్ట. బారుకు నాలుగు దెబ్బలు, నిమిషానికి 120 దెబ్బల వేగం అనుకుంటే 64 దెబ్బలు 32 సెకన్లలో అయిపోతాయి. అక్కడి తెలుగు ఇళ్లలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ పెరిగిన పిల్లలకు ఇంకోలా చెప్పవచ్చు: ఎనిమిది దెబ్బల ఆదితాళం ఎనిమిది ఆవర్తనాలు, అంటే తాళం ఎనిమిది చుట్లు. ఆవర్తనానికో సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) వేసుకున్నా ఎనిమిది సంగతులతో సరి. రాగం కుదురుకునే వ్యవధి కూడా ఉండదు. మొదటి అక్షరం నుంచే గొంతు సిద్ధంగా ఉండాలి.

అందుకే ఏ 16 బార్లు అన్నదే మొదటి నిర్ణయం. పాట మొదలు కంటే చివరి భాగం మేలు. భావం అక్కడ పండుతుంది, ముగింపు సహజంగా వస్తుంది. పై స్వరం విషయంలో మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. మీ గొంతు అందుకోగల చిట్టచివరి స్వరానికి కనీసం రెండు అర్ధస్వరాలు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం) కిందనే పాట శిఖరం ఉండాలి. కంగారులో మెడ కండరాలు బిగుసుకుని స్వరపేటిక పైకి లాక్కుపోతుంది, ముందుగా దెబ్బతినేవి పై స్వరాలే. ఇంట్లో పదిసార్లు పాడి చూడండి. పై స్వరం తొమ్మిదిసార్లు శుభ్రంగా రాకపోతే ఆ పాట ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టాల్సిందే.

కర్ణాటక గాయకులు తమ శ్రుతి తామే ఎంచుకుంటారు. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి ఏ కృతినైనా ఐదున్నరలోనే పాడుతుంది. మ్యూజికల్‌లో శ్రుతి కాగితం మీద అచ్చయి ఉంటుంది, పియానో వాయించేవారు దాన్నే వాయిస్తారు. అప్పటికప్పుడు రెండు మెట్లు దించి వాయించమని అడగడం వాళ్లకు పరీక్ష పెట్టడమే. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఇంట్లో యూట్యూబ్ కరోకే ట్రాక్‌తో సాధన చేస్తారు, షీట్ మ్యూజిక్ మరో శ్రుతిలో ఉంటుంది. ఆడిషన్ గదిలో పియానో మొదలయ్యాకగానీ తేడా తెలియదు. కాబట్టి మొదటి రోజే ట్రాక్ మొదటి స్వరాన్నీ, కాగితం మీది మొదటి స్వరాన్నీ కీబోర్డు మీద పోల్చి చూడాలి. షీట్ మ్యూజిక్ అమ్మే సైట్లలో చాలా పాటలు కోరిన శ్రుతిలో దొరుకుతాయి.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల అబ్బాయిలకు ఇంకో చిక్కు. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. పాత కొలతలకు అలవాటుపడిన కండరాలు కొత్త తంత్రుల్ని సంబాళించలేక తడబడినప్పుడే గొంతు జీరపోయి విరుగుతుంది. అందులో తప్పేమీ లేదు, కంగారు పడాల్సిన పనీ లేదు. కానీ రెండు నెలల కిందట ఎంచుకున్న పాట ఇప్పుడు సరిపోకపోవచ్చు. రెండు వారాలకోసారి హాయిగా వచ్చే అడుగు స్వరం, పై స్వరం రాసిపెట్టుకోవాలి. అమ్మాయిల గొంతు కూడా దిగుతుంది, రెండు మూడు అర్ధస్వరాల మేర. ఆ వయసులో తంత్రులు వెనకవైపు పూర్తిగా మూసుకోక, పాటలో గాలి కలిసినట్టు వినిపిస్తుంది. గట్టిగా తోస్తే అది పోదు, గొంతు అలసిపోతుందంతే.

పియానో మీద మధ్యనున్న ‘ఏ’ (A) స్వరాన్ని పాడుతున్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు 440 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. అంతసేపు అంతలా తాకుకునే ఆ మెత్తని పొరల్ని ఒరిపిడి లేకుండా వేడెక్కించడానికి చవకైన సాధనం స్ట్రా. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా కొసను రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, ‘ఊ’ అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గొంతు జార్చాలి. ఐదు నిమిషాలు చాలు. సన్నని గొట్టంలోంచి గాలి కష్టంగా పోతుంది కాబట్టి కొంత ఒత్తిడి వెనక్కి తిరిగి తంత్రుల మీద పడుతుంది. అది వాటిని కాస్త ఎడంగా పట్టి ఉంచడంతో తాకిడి మెత్తబడుతుంది. స్వర శాస్త్రవేత్త ఇంగో టిట్జె ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. బుడగలు ఆగి ఆగి వస్తే ఊపిరి సమంగా లేదన్నమాట. నడుమ ముక్కు మూసి చూడండి. ధ్వని మారితే గాలి ముక్కులోంచి తప్పించుకుంటున్నట్టు. స్ట్రా మరీ లోతుగా ముంచితే తోయడం అలవాటవుతుంది, ఫలితం తలకిందులవుతుంది.

తాగిన నీరు స్వరతంత్రుల్ని నేరుగా తాకదు, అన్నవాహికలోకి పోతుంది. తాకితే పొలమారుతుంది. ఒంట్లో నీరు చేరి తంత్రుల పొర తడిబారడానికి సమయం పడుతుంది, కాబట్టి వంతు రాబోయే ముందు సీసా ఎత్తడం నోరు తడుపుకోవడానికే పనికొస్తుంది. పొద్దున్నుంచీ కొద్దికొద్దిగా తాగాలి. చలికాలంలో హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిబారుతుంది కనుక ఆవిరి పట్టడం మంచిది, ఆవిరి ఊపిరితో పాటు తంత్రుల దాకా వెళ్తుంది. మన ఇళ్లలో ఇచ్చే లవంగం, పటికబెల్లం నోటికీ గొంతుకూ హాయినిస్తాయి, వాటి పని అంతవరకే. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంటే ఖంగు ఖంగుమని సవరించుకోకుండా ఒక గుక్క మింగాలి. సవరించిన ప్రతిసారీ తంత్రులు గట్టిగా కొట్టుకుని, మళ్లీ జిగురు చేరుతుంది.

కర్ణాటక శిక్షణ ఈ పిల్లలకు పెద్ద ఆస్తి. శ్రుతి శుద్ధం, తాళ జ్ఞానం వాళ్లకు ముందే ఉంటాయి. మార్చుకోవాల్సినవి రెండు. ఒకటి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం. మ్యూజికల్‌లో స్వరాన్ని సూటిగా తాకి నిలపాలి, కంపనం ఉంటే చివర్లో, సెకనుకు ఐదు నుంచి ఏడు ఊపులు. ఒక్కో స్వరాన్ని నాలుగు దెబ్బలు కదలకుండా నిలిపి రికార్డు చేసుకుంటే జారుడు ఎక్కడుందో వినపడుతుంది. రెండోది హల్లులు. తెలుగు అజంత భాష, మన పాటలో మాట అచ్చు మీద ఆగి సాగుతుంది. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి. ఆ కొసలోని ట్, డ్, క్ వినపడకపోతే వెనక వరుసలో కూర్చున్న దర్శకుడికి కథ అందదు. ఇంకో మెలకువ: పై స్థాయిలో ‘ఈ’ అచ్చు వస్తే దవడ కాస్త దించి ‘ఏ’ వైపు జరపాలి. ‘ఈ’ పలికేటప్పుడు నోటి కుహరపు మొదటి అనునాదం, అంటే నోరు ధ్వనికి బలమిచ్చే చోటు, 300 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. పాడే స్వరం 500 దాటితే నోరు దానికి తోడురాదు. ధ్వని సన్నబడుతుంది, బిడ్డ గొంతు చించుకుంటుంది. దవడ దించగానే అనునాదం పైకి జరిగి స్వరం నిండుగా వస్తుంది.

సాహిత్యం పదేపదే చూసి చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. అది భ్రమ. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. కాబట్టి కాగితం తిప్పేసి రాయాలి, రాగం లేకుండా మామూలు మాటల్లా అప్పజెప్పాలి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రెండు వారాల పాటు రోజుకు రెండు పూటలు, పూటకు పదిహేను నిమిషాలు నయం. నడుమ వచ్చే నిద్రలోనూ జ్ఞాపకం గట్టిపడుతుంది. పాట గొలుసులా గుర్తుంటుంది, ఒక లంకె తెగితే తర్వాతది దొరకదు. 1, 5, 9, 13 బార్లలో ఎక్కడ మొదలుపెట్టమన్నా అందుకునేలా సాధన చేస్తే, తడబడినా ముందున్న మెట్టు మీదికి దూకవచ్చు.

ఇక భయం. అడ్రినలిన్ పెరిగితే గుండె వేగం హెచ్చుతుంది, నోరు ఎండుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, పాట పరుగెడుతుంది. పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి అచ్చంగా కరోకే పాట మీదే. పాడేముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అన్నవాళ్లు, ‘నాకు భయంగా ఉంది’ అన్నవాళ్ల కంటే నిక్కచ్చిగా పాడారు. రెండు స్థితుల్లోనూ గుండె దడ ఒకటే, దానికి పెట్టిన పేరు వేరు. ఆ దడలో పాడటం శరీరానికీ అలవాటు కావాలి. మేడ మెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగి, వెంటనే పాడి రికార్డు చేయండి. 32 సెకన్ల పాట 28లో ముగిస్తే వేగం 120 నుంచి 137కు పోయినట్టు. ఊపిరి వదలడాన్ని తీసుకోవడం కంటే పొడిగిస్తే, నాలుగు లెక్కకు తీసుకుని ఎనిమిదికి వదిలితే, గుండె కాస్త నెమ్మదిస్తుంది.

డ్యాన్స్ పిలుపులో, అంటే ఆడిషన్‌లోని నృత్య పరీక్షలో, ఎనిమిదేసి లెక్కల కట్టలుగా అడుగులు నేర్పుతారు. ముందు కాళ్లు, తర్వాత చేతులు పట్టుకోవాలి. తప్పితే ఆగకుండా తర్వాతి ‘ఒకటి’ మీద కలవాలి.

గదిలోకి తీసుకెళ్లే కాగితాలు మూడు రింగుల బైండర్‌లో, రెండు వైపులా కాపీ తీసి, పేజీ తిప్పడం తగ్గేలా ఉండాలి. మెరిసే ప్లాస్టిక్ కవర్లు దీపం వెలుగులో తళతళలాడి స్వరాలు కనిపించనివ్వవు. జిరాక్సులో అడుగు వరుస తెగిపోతే పియానోకు ఎడమచేతి స్వరాలు పోతాయి. మొదలు, ముగింపు, వదిలేసిన బార్లు పెన్సిల్‌తో ముదురుగా గుర్తుపెట్టాలి. వేగం చెప్పడానికి చిటికెలు వేయవద్దు. మొదటి రెండు వాక్యాలు పియానో వాయించేవారికి వినపడేంత మెల్లగా పాడితే చాలు. గది మధ్యకు వచ్చి, పేరు, పాట చెప్పి, ఒక పూర్తి ఊపిరి తీసుకుని, అప్పుడు పియానో వాయించేవారికి తలూపాలి. చివరి స్వరం ఆగాక పియానో ఇంకా ఒకటి రెండు బార్లు వాయిస్తుంది. చూపు కిందికి దించకుండా, పాటలోని మనిషిగానే ఆ శబ్దం ఆరిపోయేదాకా నిలబడాలి. ఆ తర్వాతే థాంక్స్ చెప్పి, పియానో దగ్గర బైండర్ తీసుకోవాలి.